జడ పెట్టె ఎక్కడ పెట్టాలి?

యాన్యువల్ డే అయిన మరుసటి రోజు మా స్టాఫ్ రూమ్ టేబుల్ చిన్న ఫ్యాన్సీ షాపులా ఉంటుంది. ఈసారి అక్కడ చేరినవి ఇవి: మూడు జడకుచ్చులు, ఒక సవరం, రెండు చంద్రవంకలు, ఒక పాపిడిబిళ్ల, లెక్కలేనన్ని స్లైడ్లు. చంద్రుళ్లు ఇద్దరు దొరికారు గానీ సూర్యుడు ఒక్కడూ లేడు. దేని మీదా పేరు లేదు. ఆయమ్మ అన్నీ ఒక కవర్లో పోసి నా చేతికిచ్చింది. "ఇవి ఎవురివో మీకే తెలియాల మేడమ్" అంది.

నేను చెప్పేది ఇంగ్లిష్. అయినా ఆ కవర్ నా దగ్గరికి రావడానికి కారణం ఉంది. చిన్నప్పుడు ఆరేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. అందుకని ప్రోగ్రామ్ ఉన్న ప్రతిసారీ గ్రీన్ రూములో జడలు వేసే డ్యూటీ నాకే పడుతుంది. పోయినవి మీ పిల్లలవైతే ఆఫీసులో అడిగి తీసుకోండి. సూర్యుడు ఎవరింట్లో అయినా అదనంగా కనిపిస్తే దయచేసి పంపండి.

"పాప డాన్సు సామాను పెట్టడానికి ఎలాంటి డబ్బా కొనాలి మేడమ్?" అని మీలో చాలామంది అడుగుతుంటారు. డబ్బా సంగతి తర్వాత చూద్దాం. అందులోకి ఏమేం వెళ్తాయో ముందు తెలియాలి. కూచిపూడి పాప తల మీద పాపిట వెంట పాపిడిబిళ్ల ఉంటుంది. దానికి కుడివైపు సూర్యుడు, ఎడమవైపు చంద్రవంక. కుడి ఎడమలంటే పాపవి, ఎదురుగా నిలబడిన మనవి కావు. తొందరలో తొంభై శాతం గొడవ ఇక్కడే. చెవుల దగ్గరి నుంచి జుట్టులోకి చెంపసరాలు. తల వెనక గుండ్రటి రాగిడి, దాని చుట్టూ పూలు. జడ పొడవునా జడబిళ్లలు, చివర కుచ్చులు. వీటన్నిటినీ మోయడానికి సవరం, నల్లదారం, నెట్, స్లైడ్లు, యు పిన్నులు.

ఆరో తరగతికి ఒకసారి "మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువు గురించి పది వాక్యాలు రాయండి" అని యాక్టివిటీ ఇచ్చాను. ఒక పాప తన డాన్సు డబ్బా గురించి రాసింది. రాగిడి నుంచి కుచ్చుల దాకా అన్నిటికీ ఒకటే మాట వాడింది, హెయిర్ క్లిప్ అని. "రాగిడిని ఇంగ్లిష్‌లో ఏమంటారు మిస్?" అని అడిగింది. "రాగిడి అనే రాయి. అదేంటో తర్వాతి వాక్యంలో వివరించు" అన్నాను. వివరించాలంటే తెలియాలి కదా, ఇంటికెళ్లి వాళ్ల అవ్వను అడిగింది. మర్నాడు పది వాక్యాలు పదహారయ్యాయి. మన ఇళ్లలో పేరున్న వస్తువును ఇంగ్లిష్‌లోకి తెచ్చి పేరు లేకుండా చేయడం నాకు నచ్చదు. పేరు తెలియని వస్తువు పోయినా, ఏం పోయిందో పిల్ల చెప్పలేదు. "మిస్, ఏదో ఒకటి పోయింది" అని ఏడుస్తుంది.

మాది ఆళ్లగడ్డ. శిల్పుల షెడ్ల ముందు నుంచే రోజూ బడికి నడిచి వెళ్లేదాన్ని. ఉలి చప్పుడు మాకు గడియారం లాంటిది. ఇక్కడ చెక్కిన నల్లరాతి విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్తాయి. కొనడానికి వచ్చినవాళ్లు ముఖం చూస్తారు, నేను మాత్రం వెనక్కి వెళ్లి చూసేదాన్ని. తల వెనక పద్మంలా శిరశ్చక్రం ఉంటుంది. కొన్ని అమ్మవారి విగ్రహాలకు వీపు మీద జడ, జడ మీద ఒకదాని కింద ఒకటి బిళ్లలు కూడా చెక్కి ఉంటాయి. గర్భగుడిలో గోడవైపు ఉండే భాగమది, ప్రతిష్ఠ అయ్యాక చూసేవాళ్లు ఉండరు. అయినా ముందువైపు ఎంత శ్రద్ధగా చెక్కుతారో వెనకా అంతే శ్రద్ధగా చెక్కుతారు. రాగిడి సరిగ్గా ఎక్కడ కూర్చోవాలో పిల్లకు చెప్పలేకపోతున్నారా? నంద్యాల నుంచి అహోబిలం వెళ్లేటప్పుడు మా ఊళ్లో పది నిమిషాలు ఆగి, ఒక విగ్రహం వెనక్కి తీసుకెళ్లి చూపించండి. యూట్యూబ్ వీడియో కన్నా బాగా అర్థమవుతుంది.

కూచిపూడిలో జడ ఉత్త అలంకారం కాదు. భామాకలాపంలో సత్యభామ ముఖం కన్నా ముందు ఆమె జడే ప్రేక్షకులకు కనబడుతుంది. తెర మీదుగా ఇవతలికి వేసిన ఆ జడ ఒక సవాలు అంటారు, తనను గెలిచినవాళ్లు దాన్ని కోసుకోవచ్చని. ఆ వేషం వేసింది తరతరాలుగా మగవాళ్లే. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మగారిని సత్యభామగా చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ జడ వాళ్ల తల మీద పెరిగింది కాదు కదా. పెట్టెలోంచి వచ్చేది, ఆట అయ్యాక పెట్టెలోకి వెళ్లేది. ఊరూరా తిరిగి ఆడిన మేళాలకు పెట్టె సర్దడం కూడా ఆటలో భాగమే అయి ఉంటుంది. రేపు ఇంకో ఊళ్లో అదే జడ మళ్లీ కావాలి మరి.

ఇక నా పెట్టె సంగతి. ఆదివారాలు ఆళ్లగడ్డలో పల్లెవెలుగు బస్సెక్కి నంద్యాలకు వచ్చి నేర్చుకునేదాన్ని. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. మా జేజి, అంటే నాన్న వాళ్లమ్మ, తోడు వచ్చేది. 2012లో పదో తరగతికి వచ్చాను. డాన్సు మానేయమని ఎవరూ అనలేదు. "పది అయిపోనీ, చూద్దాం" అన్నారు. పది అయ్యాక ఇంటర్, ఇంటర్ అయ్యాక డిగ్రీ, తర్వాత బీఈడీ. సామాను రెండు భాగాలై అటక ఎక్కింది. సెట్టుతో పాటు వచ్చిన ఎర్ర వెల్వెట్ పెట్టెలో కొన్ని ఎలా ఉన్నవి అలాగే ఉండిపోయాయి. మిగిలినవి జేజి తనకు తోచినట్టు ఒక స్టీలు డబ్బాలో సర్దింది.

2020లో లాక్‌డౌన్ వచ్చి ఇంట్లో కూర్చున్నప్పుడు రెండూ కిందికి దించాను. వెల్వెట్ పెట్టెలో స్పాంజి పొడి పొడి అయి, జిగటగా ప్రతి బిళ్లకూ అంటుకుపోయింది. చంద్రవంకకు చుట్టిన రబ్బర్ బ్యాండు కరిగి, మళ్లీ గట్టిపడి, కింద నల్లటి మచ్చ మిగిల్చింది. కెంపుల రంగు పోయి గోధుమరంగుకు తిరిగాయి. జేజి డబ్బాలో మాత్రం ప్రతి వస్తువూ తాత పాత పంచె ముక్కలో చుట్టి, నల్లదారంతో కట్టి ఉంది. రాగిడి, సూర్యుడు, పాపిడిబిళ్ల కొంచెం మెరుపు తగ్గాయి, అంతే. సవరం చిక్కు తీసి వదులుగా అల్లి దిండు గలీబులో పెట్టి ఉంది, దువ్వెన పెడితే జారింది. ఒకే అటక, ఒకే ఎండ, అవే ఎనిమిదేళ్లు.

జేజి కెమిస్ట్రీ చదవలేదు. "రబ్బరు ఎండకి కారిపోతాదే, గుడ్డయితే ఏమీ కాదు" అనేది. అందులో ఉన్న శాస్త్రం నాకు తర్వాత తెలిసింది. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు. ఆ గంధకం వెండినీ రాగినీ నల్లబరుస్తుంది, పూత పలచబడిన చోట లోపలి లోహాన్నీ వదలదు. స్పాంజి తేమను పట్టి ఉంచుతుంది, వేడికీ తేమకూ తనే చివికిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మన ఊళ్లలో, రేకుల కప్పు కింద అటక మీద అది ఎన్నాళ్లు నిలుస్తుంది? కెంపుల వెనక మెరుపు కోసం పలుచటి రేకు పెడతారు. చెమటో నీళ్లో రాయి అంచు నుంచి లోపలికి దిగితే ఆ రేకు మాడిపోతుంది. రాయి బాగానే ఉంటుంది, వెనక అద్దం పోయినట్టవుతుంది. తమిళనాడు నాగర్‌కోయిల్ దగ్గర వడశేరిలో చేసే అసలు టెంపుల్ జ్యువెలరీకే జాగ్రత్త కావాలంటే, మనం పిల్లలకు కొనే ఇమిటేషన్ సెట్ల సంగతి చెప్పాలా?

అందుకే నీళ్లతో కడగకండి, టూత్‌పేస్టుతో తోమకండి. ప్రోగ్రామ్ అయి ఇంటికి రాగానే పెట్టెలో పడేయకుండా, మెత్తటి పొడి నూలుగుడ్డతో చెమట తుడిచి, ఒక రాత్రి ఫ్యాను కింద టవల్ మీద పరిచి ఉంచండి. హెయిర్ స్ప్రే కొట్టాలంటే నగలు పెట్టకముందే కొట్టాలి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లు ఒకటి రెండు వేస్తే తేమ పట్టదు. ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే మాత్రం వద్దు. నాఫ్తలీన్ గోళీలు అసలు వద్దు. అవి చూడటానికి పిప్పరమెంటులా ఉంటాయి, మింగితే చాలా ప్రమాదం. కొన్ని రకాల ప్లాస్టిక్‌నూ మెత్తబరుస్తాయి. తలలో పెట్టిన మల్లెలు, కనకాంబరాలు ఆ రాత్రే తీసేయాలి. ఎంత అలసిపోయినా సరే. తడి పూలు సవరంలోనే ఉండిపోతే పొద్దునకు వాసన మొదలవుతుంది.

సవరం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఇది నైలాన్‌దా, నిజం జుట్టుదా అని కొనేటప్పుడే అడగండి. నైలాన్‌ది వేడి దువ్వెన తగిలితే కరుగుతుంది. చిక్కు ఎప్పుడూ కొసల నుంచి మొదలుపెట్టి పైకి తీయాలి. పైనుంచి లాగితే కుట్టు దగ్గర ఊడి వచ్చేస్తుంది. గట్టిగా మడిచి కుక్కితే ఆ మడత మళ్లీ పోదు. వదులుగా అల్లి, గలీబులోనో పాత చున్నీలోనో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం బిగించి కట్టకండి, లోపల తేమ ఉంటే బూజు పడుతుంది.

గ్రీన్ రూములో సవరాలు చేతులు మారుతుంటాయి. పేల భయం మీకందరికీ ఉంటుందని తెలుసు, కొంతమంది ఫోన్ చేసి అడిగారు కూడా. పేలు ముఖ్యంగా తలకు తల తగిలితేనే ఎక్కుతాయి. తల వదిలిన పేను ఒకటి రెండు రోజులకు మించి బతకదు. ఎవరిదైనా వాడాల్సి వస్తే, తిరిగి వచ్చాక రెండు మూడు రోజులు విడిగా ఉంచి దువ్వితే చాలు. పక్కింటి పాప సవరం వాడిందని ఆ పాప గురించి నలుగురిలో మాట్లాడకండి. ఒకసారి గ్రీన్ రూములో అలాంటి మాట ఒక పిల్ల చెవిన పడింది. ఆ పిల్ల స్టేజి మీద అడుగులు తప్పలేదు గానీ, కిందికి దిగాక నాతో జడ విప్పించుకోలేదు, మూలకు వెళ్లి తనే పీక్కుంది. ఎవరి సవరం వాళ్లకు ఉంటే ఈ బాధ ఉండదు, అందుకే సవరం మీద తప్పకుండా పేరు కావాలి. ఇంకుతో రాయడం కుదరదు. తెల్ల నాడా ముక్క మీద పేరు రాసి, సవరం పైకొనకు నాలుగు కుట్లు వేయండి, జడ అల్లితే లోపలికి పోతుంది.

ఇప్పుడు డబ్బా. కొత్తది కొననక్కర్లేదు. స్లైడ్లు, పిన్నులకు నేను చూసినవాటిలో అన్నిటికన్నా బాగున్నది పోపుల డబ్బా. ఒక తల్లి తన పాతది పాపకు ఇచ్చేసింది. ఒక గిన్నెలో స్లైడ్లు, ఒకదానిలో యు పిన్నులు, ఒకదానిలో నల్లదారం, సూది, ఇలా ఏడు గిన్నెలూ నిండాయి. మూత తీస్తే అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఆ పాప దగ్గరికి వెళ్తే ఇప్పటికీ కొంచెం ఇంగువ వాసన వస్తుంది, ఆ మాట వేరు.

నగలకు చపాతీలు పెట్టుకునే స్టీలు డబ్బా లాంటిది ఏదైనా సరే, వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. లోతు డబ్బాలో అడుగున ఉన్నదాని కోసం పైవన్నీ పీకాలి. వస్తువులను రకాన్ని బట్టి కాకుండా, పెట్టుకునే వరుసను బట్టి సర్దండి. ముందు కావలసింది పైన, చివర కావలసింది అడుగున. సవరం, దారం, కుచ్చులు, జడబిళ్లలు, రాగిడి, పూలు, ఆ తర్వాత పాపిడిబిళ్ల, సూర్యుడు, చంద్రుడు. ఇలా సర్దిన పెట్టె ఎవరి చేతికిచ్చినా జడ వేయగలరు. గ్రీన్ రూములో అమ్మ పక్కన ఉండదు. ఇరవై మంది పిల్లలకు మేము ముగ్గురం ఉంటాం.

పిన్నులు మాత్రం లెక్క పెట్టాల్సిందే, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చాక ఒకసారి. ఇది పిసినారితనం కాదు. మన పిల్లలు ఒట్టి కాళ్లతో ఆడతారు, స్టేజి మీద పడిన ఒక్క యు పిన్ను తర్వాత ఆడే పిల్ల కాలికి గుచ్చుకుంటుంది. ఆరో తరగతి సైన్సులో అయస్కాంతాల పాఠం ఉంది కదా. మా పిల్లల్లో ఒకడు, వాడు డాన్సర్ కూడా కాదు, పాత స్పీకర్ అయస్కాంతాన్ని దారానికి కట్టి స్టేజి అంతా తిప్పాడు. పదమూడు పిన్నులు దొరికాయి. అప్పటి నుంచి ప్రతి ఐటమ్‌కూ మధ్య ఆ పని వాడిదే.

ఒక మాట జుట్టు గురించి కూడా. సవరం బరువు, బిగింపు నుదుటి దగ్గరి కుదుళ్లను లాగుతాయి. రోజూ అలా లాగితే అక్కడ జుట్టు పలచబడుతుంది. బిగుతు కొప్పు కట్టే బ్యాలే పిల్లలకూ ఇదే ఇబ్బంది. ప్రాక్టీసుకు మామూలు జడ చాలు. పూర్తి జడ ప్రోగ్రామ్ రోజుకు, అంతకుముందు ఒక రిహార్సల్‌కు వేస్తే సరిపోతుంది. "నొప్పిగా ఉంది మిస్" అని పిల్ల అంటే ఓర్చుకోమని చెప్పను, విప్పి మళ్లీ వేస్తాను. ఐదు నిమిషాలు ఆలస్యమైతే యాంకర్ ఇంకో రెండు మాటలు మాట్లాడతారు.

ఇదంతా రాయడానికి అసలు కారణం పోయిన పేరెంట్స్ మీటింగ్. ఎనిమిదో తరగతి పాప వాళ్లమ్మ ప్రోగ్రెస్ కార్డు చూశాక ఒక బ్యాగు నా టేబుల్ మీద పెట్టారు. "వచ్చే ఏడు తొమ్మిది, తర్వాత పది. ఇంక డాన్సు యాడ కుదురుతాది మేడమ్. ఇంట్లో పెడితే పాడైపోతాయి, చిన్న క్లాసు పిల్లలకు ఎవరికన్నా ఇచ్చేయండి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. పాప పక్కనే నిలబడి తన బెల్టు బకిల్ పెట్టడం, తీయడం చేస్తోంది. ఒక్క మాట మాట్లాడలేదు.

డాన్సు కొనసాగించాలా వద్దా అన్నది ఆ ఇంటి నిర్ణయం. పదో తరగతి టైమ్‌టేబుల్ ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందులో నా పీరియడ్లూ ఉన్నాయి. నేను చెప్పింది వేరే. డ్రెస్సు ఇచ్చేయండి, వచ్చే ఏటికి అది ఎలాగూ పట్టదు. తల సామాను ఇవ్వకండి. రాగిడి ఎనిమిదేళ్లప్పుడు ఎంత పడుతుందో ఇరవై ఎనిమిదేళ్లప్పుడూ అంతే పడుతుంది. జేజి డబ్బాలోది ఇప్పటికీ నేను పెట్టుకుంటున్నాను. లాక్‌డౌన్ తర్వాత మళ్లీ క్లాసుకు వెళ్లడం మొదలుపెట్టాను, ఆదివారాలు మాత్రమే, పిల్లల వెనక వరసలో నిలబడి. ఆ రోజు రెండు పెట్టెలూ వెల్వెట్ పెట్టెలాగే ఉండి ఉంటే వెళ్లేదాన్నో లేదో చెప్పలేను.

ఇంకో మాట కూడా ఆమెతో అన్నాను. అటక మీద పెట్టకండి. అటక అంటే నిచ్చెన కావాలి, నిచ్చెన వేయడానికి నాన్న కావాలి, నాన్నకు ఆదివారం కావాలి. పాప చేతికి అందే షెల్ఫులో, పుస్తకాల పక్కనైనా సరే పెట్టండి. ఆరు నెలలకు ఒకసారి, పరీక్షలు అయిన మర్నాడు, పాపతోనే తీయించి గాలి తగలనిచ్చి మళ్లీ సర్దించండి. గంట కూడా పట్టదు. "చదువుకునే చోట పెడితే ధ్యాస పోదా మేడమ్?" అని అడిగారామె. పోతే పది నిమిషాలు పోతుందేమో అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి బ్యాగు వెనక్కి తీసుకున్నారు.

పోయిన వారం ఆ పాప డబ్బా తెచ్చి చూపించింది. వాళ్ల నాన్న పాత లుంగీ ముక్కల్లో అన్నీ చుట్టి ఉన్నాయి, గళ్ల లుంగీ కాబట్టి ఏది ఏ గడిలో ఉందో కూడా గుర్తు పెట్టుకుందట. మూత లోపల నోట్‌బుక్ కాగితం అంటించి, తెలుగులోనే లిస్టు రాసింది: రాగిడి 1, సూర్యుడు 1, చంద్రుడు 1, చెంపసరాలు 2, కుచ్చులు 3, స్లైడ్లు 31. ముప్పై ఒకటి కొట్టేసి పక్కన 30 అని ఉంది. ఆ ఒకటి ఏమైందని అడిగాను. తల పక్కకి తిప్పి చూపించింది. స్కూలు రిబ్బన్ జడకు, చెవి పైన పెట్టుకుని ఉంది.